పింజరా వాసన

"మన ఇంట్లో కూడిక పెట్టేలోపు ఆ వాసన పోవాలి. వాసన పోకపోతే అవే పోతాయి," అంది అమ్మ. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, గాలిని ఒకసారి గట్టిగా పీల్చి ఆ మాట చెప్పి, స్నానానికి వెళ్ళిపోయింది.

"అవి" అంటే నా రెండు ఎలుకలు. మా అమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె ఒకమాట చెప్పిందంటే వార్డులో పేషెంట్లే కాదు, వాళ్ళ చుట్టాలు కూడా కిక్కురుమనరు. ఇంట్లో నేను అసలే నోరు లేనిదాన్ని. అయినా ఆ రోజు బాత్రూం తలుపు మూసుకున్నాక, నాకు మాత్రమే వినిపించేలా "పోవు" అన్నాను. ఎలుకలు పోవు, వాసనే పోతుంది. ఎలాగో అప్పటికి నాకు తెలియదు.

మాది పశ్చిమ గోదావరి. నాన్న గూడ్సు బళ్ళ మీద గార్డు. ఆయన ఉద్యోగం కోసం రాయపూర్ వచ్చి, రైల్వే క్వార్టర్లో ఉండిపోయాం. రెండు గదులు, ఒక వంటిల్లు, పైన అందరికీ కలిపి ఒక ఛత్. డాబాని ఇక్కడ అందరూ ఛత్ అంటారు, మేమూ అంతే అంటాం. ఊళ్ళో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు ప్రతి శనివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థనకి కూడతాయి, అదే కూడిక. వంతులవారీగా ఇల్లు మారుతుంది. మగవాళ్ళు ముందుగదిలో, ఆడవాళ్ళు లోపలి గదిలో చాపల మీద కూర్చుంటారు. మా లోపలి గది అంటే నేను చదువుకునే గది. ఎలుకల పింజరా ఉన్నది అందులోనే, కిటికీ పక్కన బల్ల మీద. పంజరాన్ని ఇక్కడ పింజరా అంటారు.

ఎలుకల్ని నేను కోరి తెచ్చుకోలేదు. బీఎస్సీలో నా పక్కన కూర్చునే అమ్మాయి హాస్టల్లో వాటిని దొంగచాటుగా పెంచుకునేది. వార్డెన్ కంట పడ్డాయి. మర్నాడు ఆ అమ్మాయి పింజరాతో సహా కాలేజీ గేటు దగ్గర నిలబడి, "నువ్వు కాదనవు కదా, అందుకే నిన్నే అడుగుతున్నా" అంది హిందీలో. నిజమే, కాదనడం నాకు చేతకాదు. రిక్షాలో పింజరా ఒళ్ళో పెట్టుకుని ఇంటికి వస్తుంటే దారంతా నాకు ఏడుపొక్కటే తక్కువ. ఒకటి ఒళ్ళంతా తెలుపు, ఎర్రటి కళ్ళు. రెండోదానికి తల నుంచి భుజాల దాకా నల్లటి టోపీ తొడిగినట్టు ఉంటుంది. తెల్లోడు, టోపీవాడు అని పిలవడం మొదలుపెట్టాను. రెండూ మగవే.

వారం తిరిగేసరికి నాకు వాటితో మాట్లాడటం అలవాటైంది. మనుషులతో మాట్లాడాలంటే ముందు మనసులో వాక్యం కట్టుకోవాలి. వీటితో ఆ బాధ లేదు. నేను బల్ల ముందు కూర్చుని ఏదైనా చదువుకుంటుంటే టోపీవాడు చువ్వల మధ్యలోంచి చేతులు బయటికి పెట్టి నా వేలు పట్టుకునేవాడు. ఎలుక చెయ్యి ఎంత మెత్తగా ఉంటుందో ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను.

కానీ వాసన. అబద్ధం ఆడి లాభం లేదు, వాసన ఉండేది. కళ్ళు మండించే పుల్లటి వాసన. రోజంతా మూసిన స్టేషను మరుగుదొడ్డి తలుపు తీసినప్పుడు ఒకటి కొడుతుందే, అది. నాకు అలవాటైపోయి తెలిసేది కాదు. బయటి నుంచి వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే తెలిసేది. పక్క క్వార్టరులో ఉండే ఛత్తీస్‌గఢీ ఆవిడ, నాన్న తోటి గార్డు భార్య, ఒక రోజు గిన్నెలో పచ్చిమామిడి పచ్చడి ఇవ్వడానికి వచ్చి గుమ్మంలోనే ఆగింది.

"కా మహకత్ హే ఓ నోనీ?" ఏమిటమ్మాయీ ఆ వాసన, అని.

"చూహా," అన్నాను. ఎలుక అని.

"మరా హువా?" చచ్చిందా అని కంగారుగా అడిగింది.

"నై, పాలా హువా." చావలేదు, పెంచుకున్నదే అని చెప్పేసరికి నా చెవులు కాలిపోయాయి. ఆవిడ పచ్చడి గిన్నె నా చేతిలో పెట్టి, నవ్వు ఆపుకుంటూ వెళ్ళింది. మర్నాడు కాగితంలో చుట్టిన కలరా ఉండలు పంపించింది. పింజరాకి కట్టమంది. అమ్మ వెంటనే గుడ్డలో మూటకట్టి చువ్వలకి వేలాడదీసింది. తెల్లోడు ఆ మూటని కొరకడం మొదలుపెట్టాడు. అవి విషం, మా లాబ్‌లో సీసాల మీద ఉండే పుర్రె బొమ్మ నాకు గుర్తొచ్చింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళగానే మూట విప్పి అవతల పారేశాను.

ఇక అమ్మ పద్ధతి. శుభ్రం అంటే ఏమిటో ఆమెకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. వార్డులో రోజుకి మూడుసార్లు ఫినాయిలుతో తుడిపించే మనిషి. నా చేతికి బకెట్ ఇచ్చి, "పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి. అంతా తీసి పారేసి, ఫినాయిలు కలిపి కడిగి, ఎండలో పెట్టు. చూద్దాం, వాసన ఎందుకు రాదో," అంది.

చేశాను. మాట తప్పకుండా చేశాను. అప్పట్లో అడుగున పాత వార్తాపత్రికలు పరిచేదాన్ని. పొద్దున్నే కాలేజీకి ముందు ఎలుకల్ని బకెట్లో వేసి, కాగితాలు తీసి, రేకు అడుగుని ఫినాయిలుతో రుద్ది, చువ్వల్ని పాత టూత్ బ్రష్‌తో తోమి, కడిగి, ఆరబెట్టి, కొత్త కాగితాలు వేసేదాన్ని. సాయంత్రం మళ్ళీ. చేతుల చర్మం పగిలింది. ఫినాయిలు ఘాటుకి ఎలుకలు కళ్ళు చికిలించి, పింజరా పై చువ్వలకి వేలాడేవి. ఇంత చేసినా కడిగిన గంటకే వాసన మళ్ళీ మొదలయ్యేది. పైపెచ్చు ముందుకన్నా ఎక్కువయింది. ఫినాయిలు, దాని మీద ఆ పుల్లటి వాసన, రెండూ కలిసి ఇల్లంతా తిరిగేవి.

"నువ్వు సరిగ్గా కడగట్లేదే," అంది అమ్మ.

"కడుగుతున్నానమ్మా."

"నా ముందు కడుగు."

ఆమె నిలబడి చూస్తుండగా కడిగాను. ఆమెకి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అది నాకు ఊరట కాలేదు. సరిగ్గా కడిగినా వాసన వస్తోందంటే, లోపం కడగడంలో లేదు, ఎలుకల్లోనే ఉందని ఆమె తేల్చేస్తుంది. అలాగే తేల్చింది కూడా. "జంతువు బుద్ధే అంత. ఏం చేసినా ఇంతే. నీ స్నేహితురాలికి ఫోన్ చేసి తీసుకెళ్ళమను."

కూడిక రోజు దగ్గర పడుతోంది. ఎండలు ముదిరాయి. కాలేజీకి సెలవులు ఇచ్చారు. ఒక మధ్యాహ్నం కడగడం పూర్తయ్యాక పింజరా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పుస్తకం తెరవకుండా, ఏమీ చెయ్యకుండా, వాటినే చూశాను. అంతవరకు అవి ఆడుకోవడం చూశానే తప్ప, కడిగాక ఏం చేస్తాయో చూడనే లేదు.

తెల్లోడు ముందు లోపలికి దిగాడు. మూతి కింద పెట్టి అడుగంతా వాసన చూశాడు. ఎక్కడా తన వాసన లేదు. నిలబడి, మీసాలు ఆడించి, ఇటు తిరిగి, అటు తిరిగి, తర్వాత నడవడం మొదలుపెట్టాడు. నడుస్తూ పొట్ట కిందికి దించి, తడి గీత గీసుకుంటూ పోయాడు. ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ. పింజరా పై అంతస్తు ఎక్కి అక్కడ ఒక గీత. వాడి వెనకే టోపీవాడు, ఆ గీతల మీదే తన గీతలు. కొత్తింట్లోకి దిగిన మనిషి గోడలకి మేకులు కొట్టి తన పటాలు తగిలించుకున్నట్టు పని చేశారు ఇద్దరూ. కాగితం నిండా తడి మచ్చలు పడేదాకా ఆగలేదు.

జువాలజీ పుస్తకంలో జంతువులు మూత్రంతో తమ ఎల్లలు గుర్తు పెట్టుకుంటాయని చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా ఆ వాక్యానికీ మా ఇంటి పింజరాకీ సంబంధం ఉందని ఆ మధ్యాహ్నం దాకా తట్టలేదు. నేను వాసన కడగడం లేదు. వాళ్ళ ఇంటి గుర్తులు కడుగుతున్నాను. రోజుకి రెండుసార్లు వాళ్ళని పరాయి చోట దింపుతున్నాను. వాళ్ళు రోజుకి రెండుసార్లు మొదటి నుంచి అంతా తడుపుకుంటున్నారు.

ఈ సంగతి అమ్మకి చెప్పడం వేరే పని. "తక్కువ కడిగితే వాసన తగ్గుతుంది" అని ఒక నర్సుతో ఎవరు చెప్పగలరు? మూడు రోజులు వాక్యం కట్టుకుంటూ, విప్పుకుంటూ గడిపాను. చివరికి భోజనాల దగ్గర నాన్న ఉన్నప్పుడు, అన్నం వైపు చూస్తూ చెప్పేశాను.

అమ్మ కూర వడ్డించడం ఆపింది. "అంటే కడగొద్దంటావా?"

"మొత్తం ఒకేసారి వద్దు. తడైన చోటే తీసి, కొంచెం పాతది ఉంచాలి."

"పాతది ఉంచడమేంటే? గలీజు దాచిపెట్టుకోవడమా?"

నాన్న గట్టిగా నవ్వారు. "అమ్మాయి చెప్పింది మా పెద్దన్నయ్య చేసేదేనే. తణుకు దగ్గర ఆడి కోళ్ళ షెడ్డు చూళ్ళేదేటి నువ్వు? అన్ని కోళ్ళున్నాయ్, రోజూ ఎవడు కడుగుతాడు? నీళ్ళు పోత్తే అంతే, షెడ్డంతా కంపు. ఊక పరిచి వదిలేత్తాడు. ఎక్కడ తడైతే అక్కడ తీసి పొడి ఊక ఏత్తాడు, మిగతాది పారతో తిరగేత్తాడు. పొడిగా ఉంటే కంపుండదు. తడే కంపు."

"అది కోళ్ళ షెడ్డు. ఇది ఇల్లు," అంది అమ్మ.

"ఇంట్లో షెడ్డు ఉందిగా ఇప్పుడు," అన్నారు నాన్న.

అమ్మకి నవ్వు వచ్చింది కానీ రానివ్వలేదు. నావైపు తిరిగి, "వచ్చే శనివారం కాక, పై శనివారం మన కూడిక. అప్పటిదాకా నీ ఇష్టం. ఆ తర్వాత నా ఇష్టం," అంది.

తిల్దా రాయపూర్ నుంచి ఎంతో దూరం కాదు. పట్టాల పక్కనంతా రైసు మిల్లులు. నాన్న బండి అక్కడ వేరే బళ్ళకి దారిస్తూ లూపు లైన్లో ఆగినప్పుడు తెలిసిన మిల్లు మనిషిని అడిగి ఒక బస్తా ఊక తెచ్చారు. ఆ బస్తాతో పాటు పట్టాల మధ్య నుంచి ఏరిన ఒక కంకర రాయి కూడా తెచ్చారు, అరచెయ్యంత ఉంటుంది, ఒక వైపు చదును. అది నేను అడిగిందే. కాలేజీ స్నేహితురాలికి ఫోన్ చేసినప్పుడు, హాస్టల్లో తెల్లోడూ టోపీవాడూ ఎప్పుడూ ఒక ఇటుక ముక్క మీదికెక్కే మూత్రం పోసేవాళ్ళని మాటల్లో చెప్పింది. ఆ ఇటుక వార్డెన్ గొడవలో పోయింది.

ఊక పరిచిన మొదటి రోజే చిక్కు వచ్చింది. పుల్లటి వాసన సగానికి తగ్గింది. కానీ రెండూ తుమ్ముతున్నాయి. ఎలుక తుమ్ము ఎంత చిన్నదో, అంత మొండిది. చిక్ చిక్ మని ఆగకుండా తుమ్మి, టోపీవాడి ముక్కు చుట్టూ ఎర్రగా మరక కట్టింది. రక్తమనుకుని హడలిపోయాను. అమ్మ వచ్చి దూదితో తుడిచి చూసింది. "రక్తం కాదు, చీమిడి. దుమ్ము పీలుస్తున్నాడు. ఈ ఊక చెరిగావా?"

"చెరగాలా?"

అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "డిగ్రీ చదువుతోంది, చెరగాలా అంటోంది," అని, కొంగు నడుముకి దోపి, వంటింట్లోంచి చాట తీసి, "పద ఛత్ మీదికి," అంది.

అమ్మ చాట పట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు. మేం ప్యాకెట్టు బియ్యం కొంటాం. ఆమె గాలి ఎటు ఉందో చెంపతో చూసుకుని, అటు వీపు పెట్టి నిలబడి, ఊకని ఎగరేసింది. ఎగిరిన ప్రతిసారీ బూడిదరంగు దుమ్ము పొరలా విడిపోయి పిట్టగోడ దాటిపోతోంది, బంగారు రంగు పొట్టు మాత్రం తిరిగి చాటలో పడుతోంది. ఆమె మణికట్టు ఒకే తీరుగా ఆడుతోంది. నేను పట్టుకుంటే ఊకంతా నా నెత్తిన పోసుకున్నాను.

"భుజంతో కాదే, చేత్తో. ఇంజెక్షన్ వేసేటప్పుడు భుజం ఊపుతారా?"

"నేనెప్పుడు వేశానమ్మా ఇంజెక్షన్?"

"అదీ నేర్పుతాలే."

పక్క క్వార్టరావిడ బట్టలు ఆరేయడానికి వచ్చి, తల్లీకూతుళ్ళం దుమ్ములో తడిసి ఉండటం చూసి, చాట తీసుకుని తనూ రెండు చేతులు ఆడించి ఇచ్చింది. వాళ్ళ ఊరు ధాన్యం ఊరే. ఆవిడ చాట ఆడించే తీరూ అమ్మ తీరూ ఒక్కటే. ఊక ఎవరికోసమని ఆవిడ అడిగితే, అమ్మ చెప్పలేక నావైపు చూసింది.

"చూహా లోగోఁ కే లియే," ఎలుకల వాళ్ళ కోసం, అన్నాను. ఈసారి నా చెవులు కాలలేదు.

చెరిగి, జల్లించి, ఎండబెట్టిన ఊకలో దుమ్ము లేదు. తుమ్ములు తగ్గి, ఆగిపోయాయి. పింజరాలో ఒక మూల, అవి ఎక్కువగా తడిపే మూలే చూసి, ఆసుపత్రిలో సొట్టపడి పారేసిన కిడ్నీ ట్రే, అదే చిక్కుడుగింజలా వంగిన స్టీలు పళ్ళెం, పెట్టాను. అందులో కంకర రాయి. రాయికి వాళ్ళ వాసన కొంచెం ముందే అంటించాను, వాళ్ళు తడిపిన పాత కాగితంతో రుద్ది. టోపీవాడు మొదట రాయి ఎక్కాడు, కూర్చున్నాడు, ఆలోచించాడు, పని కానిచ్చాడు. నేను బల్ల కింద కూర్చుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను.

అక్కడి నుంచి నా పని ఒక గాడిన పడింది. రోజూ ట్రే, రాయి వేడినీళ్ళతో కడగాలి. చెమ్మగా ఉన్న ఊక వేలితో తడిమి, గుప్పెళ్ళతో తీసి, పొడిది వెయ్యాలి. మిగతాది తిరగెయ్యాలి. దాచుకున్న తిండి ముక్కలు, ముఖ్యంగా దోసకాయ ముక్కలు వెతికి తీయాలి, అవి కుళ్ళితే ఆ వాసన నింద ఎలుకల మీదికే వస్తుంది. వాళ్ళు పడుకునే గుడ్డ ఊయలలు రెండు ఉండేవి, అమ్మ పాత చీర అంచుతో కుట్టినవి. ఒకటి ఉతికినప్పుడు రెండోది ఉతకను. పై అంతస్తు రేకు తుడిస్తే కింది అంతస్తు ఆ రోజు ముట్టుకోను. ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తమ ఇల్లు తమకి మిగిలి ఉండాలి. ఫినాయిలు సీసా మొహం చూడలేదు, గుడ్డలకి వెనిగరు నీళ్ళు చాలు. కూలరు గాలి తిన్నగా తగిలితే ఊక చెమ్మబారుతోందని పింజరాని పక్కకి జరిపాను, చల్లదనం వస్తుంది, తడి రాదు.

అమ్మ డ్యూటీ నుంచి రాగానే నా గది గుమ్మంలో నిలబడి, వార్డులో జ్వరం చూసినట్టు గాలి పీల్చేది. ఒక రోజు "ఊఁ" అంది. ఇంకో రోజు దగ్గరికి వచ్చి వంగి, "ఎడం మూల చూసుకో," అంది. చూస్తే ఆ మూల ఊక కింద తడి. నా ముక్కుకి ఎంత మాత్రం అందలేదు, ఆమెకి గుమ్మంలోంచే తెలిసింది. అప్పటి నుంచి ఆమె పీల్చే దాకా ఆగి, ఏ మూల అంటుందో వినేదాన్ని.

శనివారం వచ్చింది. నాన్న బండి మీద ఉన్నారు. అమ్మ సెలవు పెట్టి, తెల్లారగానే ఇల్లు దులపడం మొదలుపెట్టింది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను, ఉప్మాకి. చూస్తే అమ్మ చేతిలో బకెట్. ఫినాయిలు కలిపిన తెల్లటి నీళ్ళు. నా గదివైపు వెళ్తోంది.

"అమ్మా, వద్దు."

"ఈ ఒక్కరోజు. పాస్టరమ్మగారు వస్తారు, అందరూ వస్తారు. ఈ ఒక్కరోజు నీట్‌గా కడిగేస్తా, రేపటి నుంచి నీ ఊకే పరుచుకో."

నేను లేచి వెళ్ళి పింజరాకీ ఆమెకీ మధ్య నిలబడ్డాను. కత్తిపీట దగ్గర నుంచి అలాగే లేచి వచ్చాను కాబట్టి చేతిలో ఉల్లిపాయ ఉంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఏడుస్తున్నానని ఆమె అనుకుందేమో, "ఏంటే ఇది?" అంది మెత్తగా.

"ఇప్పుడు కడిగితే సాయంత్రానికి అంతా తడుపుతారు. సరిగ్గా అందరూ కూర్చునే టైముకి. నేను చూశానమ్మా, అలాగే చేస్తారు."

"ఏమీ అవ్వదు. జరుగు."

మామూలుగా అయితే జరిగేదాన్నే. ఏ వాక్యమూ కట్టుకోలేదు. నోటికి వచ్చింది అనేశాను. "మానుతున్న గాయానికి కట్టు గంటగంటకీ విప్పి చూస్తావా నువ్వు? చుట్టాలు వస్తున్నారని విప్పి కడుగుతావా?"

అమ్మ బకెట్ కింద పెట్టలేదు. కానీ అడుగూ వెయ్యలేదు. వార్డులో పేషెంట్ల చుట్టాలని ఆమె ఎప్పుడూ తిట్టిపోసే మాటే అది. కట్టు విప్పకండి, మానేదాన్ని మాననివ్వండి అని. "సాయంత్రం ఒక్కరు ముక్కు మూసుకున్నా," అంది, "రేపు పొద్దున్నే పింజరాతో సహా నీ స్నేహితురాలింటికి."

"సరే."

"సరే అన్నావ్. గుర్తుంచుకో." ఆ ఫినాయిలు నీళ్ళు తీసుకెళ్ళి మెట్లు కడిగింది.

సాయంత్రానికి పింజరా ముందు పల్చటి దుప్పటి ఒకటి కట్టాను, గాలి ఆడేలా. ఆడవాళ్ళు వచ్చి చాపల మీద సర్దుకున్నారు. నేను గుమ్మం పక్కన కూర్చున్నాను. పాటలు అయ్యాయి. పాస్టరమ్మగారు వాక్యం చదివారు, ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఒక్కొక్కరి ముక్కు చూస్తున్నాను. ఎవరి చీర కొంగు కదిలినా, ముక్కు మూయడానికేనని నా ప్రాణం పోయేది. దుప్పటికి అందరికన్నా దగ్గరగా కూర్చున్నది లోకో ఆంటీ. ఆవిడ భర్త రైలింజను నడుపుతారు, అందుకే ఆ పేరు. ఎవరింట్లో ఎండు చేప ఏ డబ్బాలో ఉందో గుమ్మంలోంచి చెప్పే మనిషి. ఇంతమందిలో ఆవిడే అక్కడ కూర్చోవాలా అనుకున్నాను.

ఆమెన్ అన్నారు. ఉప్మా, టీ అందించాం. అప్పుడు లోకో ఆంటీ తల పైకెత్తింది. ముక్కుపుటాలు కదిలాయి. ఒకసారి. ఇంకోసారి.

"ఏంటి వదినా," అంది అమ్మతో, "ఏదో వాసనొస్తంది మీ ఇంట్లో."

నేను టీ కప్పులు కింద పెట్టేశాను. అమ్మ మొహం గట్టిపడింది. "ఏం వాసన?"

"ఊక వాసనే! ఎండిన ఊక. ఆ దుప్పటెనకాల. ఆయ్, తెలిసిపోయింది." అందరివైపూ తిరిగి చెయ్యి తిప్పింది. "ఊకలో మావిడికాయలు మాగేసి దాచింది చూశారా! బంగినపల్లి తెప్పించుకుని, మనకి మాత్రం ఉప్మా!"

గదంతా నవ్వు. "అంతేలే, సెలవు పెట్టింది అందుకే," అంది ఇంకొకావిడ. "రేపు ఎవరూ లేనప్పుడు తింటారు," అంది మరొకావిడ. పాస్టరమ్మగారు కూడా, "పంచుకోవాలమ్మా, ఇప్పుడేగా చదివాం," అని నవ్వారు.

అమ్మ నవ్వడం లేదు. నాకు అర్థమైంది. ఎలుకలున్నాయని తెలిస్తే ఒక పరువు పోతుంది. మామిడిపళ్ళు దాచుకుందని అందరూ అనుకుంటే దానికన్నా పెద్దది పోతుంది. వచ్చినవాళ్ళకి పెట్టకుండా దాచుకునే ఇల్లు అనే మాట అమ్మ ఈ జన్మకి పడదు. ఆమె నావైపు తిరిగి, "తియ్యి ఆ దుప్పటి," అంది.

నేను లేచాను. అందరి కళ్ళూ నా మీదే. అంతమంది ఒకేసారి నన్ను చూడటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. దుప్పటి ముడి విప్పాను. టోపీవాడు రాయి మీద నిలబడి, రెండు చేతులతో చువ్వలు పట్టుకుని, లోకో ఆంటీ మొహంలోకి చూశాడు.

ఆవిడ పెట్టిన కేకకి ముందుగదిలోంచి మగవాళ్ళు ఏమైందని అరిచారు. ఆవిడ ఆ మూల నుంచి ఈ మూలకి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు, చేతిలో టీ మాత్రం ఒలకలేదు.

"ఎలకలే! ఎలకల పక్కన కూర్చోబెట్టావే నన్ను!"

"కూర్చున్నావుగా గంటన్నర," అంది అమ్మ. "వాసనొచ్చిందా?"

"ఊక వాసన..."

"ఎలకల వాసన వచ్చిందా అని. నీ ముక్కు సంగతి నాకు తెలుసు. చెప్పు."

లోకో ఆంటీ అక్కడి నుంచే మెడ చాచి మళ్ళీ పీల్చింది. ఆవిడలో ఒక గొప్ప గుణం ఉంది, ముక్కు విషయంలో అబద్ధమాడదు. "రాలేదు," అంది. తర్వాత ఇంకాస్త దగ్గరికి వచ్చి, "ఎందుకు రావట్లేదే?" అని నన్ను అడిగింది.

అమ్మ చెబుతుందని చూశాను. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. నేనే చెప్పాలి. రాయి చూపించాను, ట్రే తీసి చూపించాను. రోజూ అంతా కడిగితే ఎందుకు కంపు పెరుగుతుందో, సగం ఎందుకు వదిలెయ్యాలో చెప్పాను. పాస్టరమ్మగారు దగ్గరికి వచ్చి విన్నారు. "ఇంట్లో ఎలకల్ని పెంచడమేమిటమ్మా" అని వెనక ఒకావిడ గొణిగితే, అమ్మ వెంటనే, "మా వార్డులో కొన్ని బెడ్ల కన్నా ఇదే నీట్‌గా ఉంటుందండీ," అంది. ఆ మాట నిజమో కాదో నాకు తెలియదు. నాకోసం అంది. అది చాలు.

అందరూ వెళ్ళాక గిన్నెలు తోముతుంటే ముందుగదిలో అమ్మ ఫోన్ మాట్లాడటం వినిపించింది. నాన్నతో. కూడిక బాగా జరిగిందని, ఎంతమంది వచ్చారో, ఉప్మా సరిపోయిందని చెప్పింది. లోకో ఆంటీ గెంతిన సంగతి చెబుతూ ఆగి ఆగి నవ్వింది. ఎలుకల గురించి ఇంకేమీ చెప్పలేదు. నేను కుళాయి కట్టేసి విన్నాను.

"ఎక్కడున్నారిప్పుడు? భాటాపారా దాటారా?" అంది. కొంచెంసేపు విని, "అయితే తిల్దాలో ఆపుతారేమో చూడండి. ఊక అడుగుకి వచ్చేసింది. ఇంకో బస్తా వేయించుకోండి," అంది. "దుమ్ము లేకుండా చూసి తీసుకోండి. చెరగడం మీ అమ్మాయి వల్ల కాదు."

నేను చెయ్యి తుడుచుకుని గదిలోకి వెళ్ళాను. ట్రే అప్పుడే తడిగా ఉంది, అంత గోల విని తెల్లోడు రెండుసార్లు ఎక్కి ఉంటాడు. రాయి తీసి, వేడినీళ్ళు పెట్టడానికి స్టవ్ వెలిగించాను.